పింక్ ఫ్లాయిడ్ వినాలంటే ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి?

ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్‌ని ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే రాక్ అభిమానుల్లో ఎక్కువమంది ఆలోచించకుండానే 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' పేరు చెప్పేస్తారు. తప్పు సలహా ఏమీ కాదు. కాకపోతే ఆ సలహా పట్టుకుని వెళ్లినవాళ్లు గడియారాల మోత దగ్గరే ఆగిపోయి, "ఏముంది ఇందులో, దీనికింత పేరెందుకు?" అంటూ తిరిగొచ్చేయడం చూస్తూనే ఉన్నాను. సినిమా పాటలు వింటూ పెరిగిన చెవికి అది మొదట వినాల్సిన ఆల్బమ్ కాదని నా అభిప్రాయం. ముందు 'విష్ యు వర్ హియర్', ఆ తర్వాతే 'డార్క్ సైడ్'. 'ద వాల్'కి కొన్నాళ్లు ఆగండి. 'యానిమల్స్' అందరికీ పడదు, కానీ కొందరు దానితోనే మొదలుపెట్టాలి.

బ్యాండ్ గురించి నాలుగు ముక్కలు చెప్పి అసలు సంగతికి వస్తాను. 1965లో లండన్‌లో మొదలైంది. పాటలు రాసి, పాడి, గిటార్ వాయించి దాన్ని నడిపించినవాడు సిడ్ బ్యారెట్. 1967లో తొలి ఆల్బమ్ వచ్చి పేరొస్తున్న సమయానికే డ్రగ్స్, మానసిక అస్వస్థత కలిసి అతను స్టేజీ మీద నిలబడలేని పరిస్థితి తెచ్చాయి. 1968లో బ్యాండ్‌కి దూరమైపోయాడు. అతని చోటికి పాత స్నేహితుడు డేవిడ్ గిల్మోర్ వచ్చాడు. బేస్ గిటార్ రోజర్ వాటర్స్‌ది, రానురాను లిరిక్స్ కూడా అతని చేతికే వెళ్లాయి. కీబోర్డ్స్ రిక్ రైట్, డ్రమ్స్ నిక్ మేసన్. ఈ నలుగురూ కలిసి 1973 నుంచి 1979 లోపు తెచ్చిన నాలుగు ఆల్బమ్‌ల మధ్యే అసలు పోటీ. మిగతావి తర్వాత మీరే వెతుక్కుంటారు.

ముందు విష్ యు వర్ హియర్ ఎందుకంటే

1975 సెప్టెంబరులో వచ్చింది. మొత్తం ఐదే ట్రాకులు, ముప్పావు గంట లోపు అయిపోతుంది. అయితే మొదటి ట్రాక్ చూసి చాలామంది జడుసుకుంటారు. 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్' మొదలయ్యాక ఎనిమిది నిమిషాలు దాటితే గానీ గొంతు వినిపించదు. పల్లవి కోసం ఎదురుచూసే మనకి ఇది పరీక్షే. అందుకని నాదో అడ్డదారి: ముందు నాలుగో ట్రాక్ వినండి, ఆల్బమ్ పేరున్న పాట అదే. ఆ తర్వాత మొదటికి వెళ్లండి. వీరాభిమానులు తిడతారు, తిట్టనివ్వండి.

ఆ నాలుగో ట్రాక్ ఎలా మొదలవుతుందో జాగ్రత్తగా వినండి. రేడియోలో ఎవరో స్టేషన్లు మారుస్తున్నారు. మాటల ముక్కలు, ఒక్క క్షణం ఆర్కెస్ట్రా. గిల్మోర్ కారు రేడియో నుంచి నిజంగానే రికార్డు చేశారు అదంతా. తర్వాత ఆ రేడియోలోంచే వస్తున్నట్టు సన్నగా, దూరంగా ఒక గిటార్. ఇంతలో ఎవరో దగ్గుతారు, ముక్కు ఎగబీలుస్తారు. అప్పుడు రెండో గిటార్ మొదలవుతుంది, ఇది నిండుగా, మీ చెవి పక్కనే. గదిలో ఒంటరిగా కూర్చున్నవాడెవడో రేడియోలో వస్తున్న పాటకి తోడుగా వాయించుకుంటున్నాడన్నమాట. ఇంగ్లిష్ లిరిక్స్ ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఈ నిమిషంన్నరలో ఆ వెలితి తెలుస్తుంది.

ఇప్పుడు మొదటి ట్రాక్‌కి వెళితే, గిల్మోర్ గిటార్ మీద నాలుగంటే నాలుగు స్వరాలు మోగించి ఆగే చోటు వస్తుంది. పాటంతా దాని చుట్టూనే అల్లుకున్నారు. కచేరీలో ఆలాపనకి ఓపిగ్గా కూర్చున్న అలవాటు ఉంటే మీకిది త్వరగా పట్టుబడుతుంది. అక్కడా అంతే కదా, మాట రాకముందే రాగం ముఖం చూపిస్తుంది.

ఈ పాట సిడ్ బ్యారెట్ గురించి. 1975 జూన్ 5న లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో బ్యాండ్ పనిలో ఉండగా, లావుపాటి మనిషి ఒకడు గుండుతో, కనుబొమలు కూడా గొరిగేసుకుని లోపలికొచ్చాడు. ఎవరో అనుకున్నారు. కాసేపటికి గానీ అతను సిడ్ అని పాత స్నేహితులకి తెలియలేదు. అతని కోసం రాసిన పాట మీదే పనిచేస్తున్న రోజుల్లో అతనే రావడం! ఈ సంగతి తెలిశాక పాట వింటే బరువు పెరుగుతుంది. తెలియకుండా ఒకసారి, తెలిశాక ఒకసారి వినాలనుకునేవాళ్లు ఈ పేరా చదివారు కాబట్టి ఆ అవకాశం పోయింది, క్షమించాలి.

మధ్యలో ఉన్న రెండు పాటలూ మ్యూజిక్ కంపెనీల మీద కోపం. 'హ్యావ్ ఎ సిగార్'లో పాడింది బ్యాండ్ సభ్యుడు కాదు, పక్క స్టూడియోలో రికార్డింగ్ చేసుకుంటున్న ఇంగ్లిష్ గాయకుడు రాయ్ హార్పర్. కంపెనీ పెద్దమనిషి బ్యాండ్‌ని తెగ పొగిడి, "ఇంతకీ మీలో పింక్ ఎవరు?" అని అడుగుతాడందులో. అలా అడిగినవాళ్లు నిజంగా ఉన్నారట.

డార్క్ సైడ్: గొప్పదే, కానీ తీరుబడి కావాలి

1973 మార్చిలో వచ్చింది. అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో 1973 నుంచి 1988 మధ్య 741 వారాలు ఉంది. కాలం, డబ్బు, చావు, యుద్ధం, మతి చలించడం... ఇవీ విషయాలు. స్టూడియోకి వెళ్లకముందే 1972 మొదట్లో నెలల తరబడి వీటిని స్టేజీ మీద వాయించి అరగదీశారు, కాబట్టి ఎక్కడా తడబాటు ఉండదు. పాటలన్నీ ఒక మోస్తరు నిడివిలోనే ఉంటాయి, ఏదీ ఎనిమిది నిమిషాలు దాటదు. కాగితం మీద చూస్తే కొత్తవాళ్లకి ఇదే సులువు అనిపించాలి.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఇందులో ఒక పాట అయిపోయి ఇంకో పాట మొదలవడం అనేది దాదాపు ఉండదు. ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ఆగుతుంది. రికార్డు రెండో వైపు తిప్పడానికి ఆగే చోటు తప్ప 43 నిమిషాలూ ఒకే ఊపు. ఫోన్‌లో ఉచిత యాప్ పెట్టుకుని, మధ్యలో పెయింట్ యాడ్ మోగుతుంటే, బస్సు దిగే హడావుడిలో వింటే ఇది చెవికెక్కదు. 'విష్ యు వర్ హియర్'లో ఒక్క పాట విడిగా విన్నా నిలబడుతుంది. ఇక్కడ విడదీస్తే సగం పోతుంది. నా లెక్కలో తేడా అంతా ఇదే.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ సైలెంట్‌లో పెట్టి వినగలిగితే మాత్రం మొదలుపెట్టేయండి, నా వరుస పట్టించుకోవద్దు. 'టైమ్' మొదట్లో మోగే గడియారాలు ఇంజినీర్ అలన్ పార్సన్స్ గడియారాల షాపులో ఒక్కోటీ విడివిడిగా రికార్డు చేసి తెచ్చినవి. అప్పట్లో కొత్తగా వచ్చిన నాలుగు స్పీకర్ల పద్ధతిని చూపించడం కోసం చేసుకున్న టేపు అది, పాటకి పనికొచ్చింది. 'మనీ'లో చిల్లర చప్పుడు తర్వాత వచ్చే బేస్ వరుసకి చేత్తో తాళం వేసి చూడండి. నాలుగుకి పడదు, ఏడు మాత్రలు. మిశ్రచాపు వేసిన చేతులకి ఇది ఇట్టే దొరుకుతుంది. గిటార్ సోలో రాగానే మామూలు నాలుగులోకి దూకేస్తారు, ఆ దూకుడులోనే ఉంది మజా.

ఇక 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై'. రిక్ రైట్ పియానో మీద ఒక్క మాట కూడా లేకుండా ఒక స్త్రీ గొంతు గుండెలు పిండేస్తుంది. పేరు క్లేర్ టోరీ. చావు గురించిన సంగీతం, మాటలు లేవు, పాడు అన్నారు, అంతే. ఆదివారం పనికి ఇచ్చే రెట్టింపు రేటు చొప్పున 30 పౌండ్లు చేతిలో పెట్టారు. తను పాడింది ఆల్బమ్‌లో ఉంటుందని కూడా అనుకోలేదామె. 2004లో కోర్టుకెళ్లింది, 2005లో రాజీ కుదిరి ఆ పాట స్వరకర్తల్లో ఆమె పేరు చేరింది. పాత సీడీల మీద ఆ క్రెడిట్ ఉండదు.

ఒక హెచ్చరిక. యాప్‌లో వెతికితే 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ రిడక్స్' అని ఒకటి కనిపిస్తుంది. అది 2023లో రోజర్ వాటర్స్ ఒక్కడే మళ్లీ చేసుకున్నది. నెమ్మదిగా, ముసలి గొంతుతో సగం మాట్లాడుతూ సాగుతుంది. అసలుది నోటికొచ్చాక వింటే ఆసక్తిగానే ఉంటుంది, ముందే వింటే మాత్రం బ్యాండ్ మీద విరక్తి పుడుతుంది.

ద వాల్ మీకు ఇప్పటికే తెలుసనుకుంటున్నారా?

మన ఇంజినీరింగ్ హాస్టళ్లలో పింక్ ఫ్లాయిడ్ అంటే ఒకటే పాట: మాకు చదువొద్దు, మాస్టారూ పిల్లల జోలికి రావద్దు అంటూ పిల్లలంతా కోరస్‌గా అరిచేది. సెమిస్టర్ పరీక్షల ముందు రోజు అది ఎందుకంత హాయిగా ఉంటుందో విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ గొంతులు లండన్‌లోని ఇస్లింగ్టన్ గ్రీన్ స్కూలు పిల్లలవి. 1980లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆ పాటని నిషేధించింది కూడా, అక్కడి నల్లజాతి విద్యార్థులు చదువుల్లో వివక్షకి ఎదురు తిరుగుతూ దాన్ని పాడుకున్నారు.

ఆ ఒక్క పాట నచ్చిందని ఆల్బమ్ మొత్తం పెట్టుకుంటే మోసపోతారు. ఇది 26 ట్రాకుల డబుల్ ఆల్బమ్, 80 నిమిషాల పైన. నిజానికి ఒక నాటకం. పింక్ అనే రాక్ స్టార్, యుద్ధంలో చనిపోయిన తండ్రి, ఊపిరాడనివ్వని తల్లి, చితకబాదే టీచర్లు, ఒక్కో గాయానికీ ఒక్కో ఇటుక చొప్పున చుట్టూ కట్టుకున్న గోడ. వాటర్స్ సొంత తండ్రి 1944లో ఇటలీలోని ఆంజియో దగ్గర యుద్ధంలో పోయాడు, అప్పటికి ఇతను నెలల పిల్లాడు. గోడ అన్న ఆలోచన మాత్రం 1977లో మాంట్రియల్ స్టేడియంలో పుట్టింది. ముందు వరుసలో గోల చేస్తున్న అభిమాని మీద వాటర్స్ ఉమ్మేశాడు. తర్వాత తనకే రోత పుట్టింది. జనానికీ తనకీ మధ్య గోడ కట్టేస్తే పోలా అనుకున్నాడు, 1980-81 షోలలో నిజంగానే కట్టాడు. పాటలు నడుస్తుండగానే స్టేజీకి అడ్డంగా 40 అడుగుల అట్టపెట్టెల గోడ లేచేది, ఇంటర్వెల్ వేళకి బ్యాండ్ కనిపించేది కాదు. అంత ఖర్చుకి షోలన్నీ నష్టమే. రికార్డింగ్ సమయంలో వాటర్స్ బయటికి పంపేసిన రిక్ రైట్‌ని షోలకి జీతం మీద పిలిచారు, దాంతో ఆ టూర్‌లో డబ్బు మిగిలింది అతనొక్కడికే.

లిరిక్స్ వెంట పడి అర్థం చేసుకునేవాళ్లకి, కథ లేకపోతే సంగీతం బోరు కొట్టేవాళ్లకి ఇది రెండోదిగా వినొచ్చు. మిగతావాళ్లకి మూడోది. 1982లో అలన్ పార్కర్ తీసిన సినిమా ఆల్బమ్ తర్వాత చూడండి. ముందు చూస్తే ఆ బొమ్మలు బుర్రలో అంటుకుపోయి పాటలకి సొంత ఊహ మిగలదు. అంతవరకు ఆగలేనంటే 'కంఫర్టబ్లీ నంబ్' ఒక్కటి వినండి. అందులో సోలోలు రెండు. మొదటిది ఓదారుస్తుంది, రెండోది చీల్చేస్తుంది. వాల్యూమ్ పెంచాల్సింది రెండోదానికి.

యానిమల్స్: మెటల్ వినేవాళ్లకి

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. అయినా కొత్తవాళ్లకి చెప్పను. 1977 జనవరిలో, ఇంగ్లండ్‌లో పంక్ కుర్రాళ్లు పాత బ్యాండ్లని బూతులు తిడుతున్న కాలంలో వచ్చింది. ఇందులో మధురంగా ఉన్నది తక్కువ, కసి ఎక్కువ. మనుషుల్ని కుక్కలు, పందులు, గొర్రెలుగా విడగొట్టి ఉతికి ఆరేశాడు వాటర్స్. జార్జ్ ఆర్వెల్ 'యానిమల్ ఫామ్' దీనికి ఆధారం అంటారు గానీ ఇక్కడ తిట్లు పడేది పెట్టుబడిదారులకి. 'డాగ్స్' ఒక్కటే 17 నిమిషాలు. మెటాలికా, మెగాడెత్ లాంటి మెటల్ బ్యాండ్లు విని వచ్చినవాళ్లకి 'విష్ యు వర్ హియర్' మెత్తగా అనిపించొచ్చు. మీరు ఆ బాపతు అయితే నేరుగా ఇక్కడికి రండి.

కవర్ కథ మాత్రం చెప్పకుండా ఉండలేను. లండన్‌లోని బాటర్‌సీ పవర్ స్టేషన్ పొగగొట్టాల మధ్య ఎగరేయడానికి పెద్ద పంది బెలూన్ చేయించారు. తాడు తెగితే కాల్చి కూల్చడానికి మొదటి రోజు ఒక తుపాకీ మనిషిని కూడా పెట్టుకున్నారు. ఆ రోజు పంది లేవలేదు. మర్నాడు, 1976 డిసెంబరు 3న, ఆ మనిషిని పిలవలేదు. పంది తాడు తెంపుకుని హీత్రో విమానాల దారిలోకి ఎగిరిపోయి, చివరికి కెంట్‌లో ఒక పొలంలో దిగింది. కవర్ మీద ఉన్నది అతికించిన బొమ్మ.

చూడాలనుకుంటే: పాంపేయా, పల్సా?

బ్యాండ్‌గా వాళ్లని స్టేజీ మీద చూసే అవకాశం ఎప్పుడో పోయింది. వాటర్స్ 1985లో తప్పుకున్నాడు. నలుగురూ చివరిసారి కలిసి వాయించింది 2005 జులై 2న లండన్‌లో 'లైవ్ 8' అనే సహాయ కచేరీ వేదిక మీద. రైట్ 2008లో చనిపోయాడు. మన దేశానికి పింక్ ఫ్లాయిడ్ రాలేదు, వాటర్స్ మాత్రం 2002లో బెంగళూరులో, 2007లో ముంబైలో షోలు చేశాడు. ఇప్పుడు వాటర్స్, గిల్మోర్ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. విదేశాల్లో ఉండి ఎప్పుడైనా టికెట్ దొరికే పరిస్థితి వస్తే: తెరలు, నినాదాలు, రాజకీయాలతో కూడిన పెద్ద తమాషా కావాలంటే వాటర్స్, కళ్లు మూసుకుని గిటార్ వినాలంటే గిల్మోర్. నా ఓటు గిల్మోర్‌కి.

ఇంట్లో కూర్చుని చూడటానికి రెండు మంచి దారులున్నాయి. ఒకటి పాంపే. 1971 అక్టోబరులో ఇటలీలోని రెండు వేల ఏళ్ల నాటి రోమన్ వేదికలో, ప్రేక్షకులే లేకుండా, ఎండలో వాయించారు. 23 నిమిషాల 'ఎకోస్' ఇందులో ఉంది. 2025లో దాన్ని శుభ్రంగా బాగుచేసి థియేటర్లలో మళ్లీ విడుదల చేశారు, ఇంగ్లిష్ సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ కొత్తగా మిక్స్ చేసిన ఆడియో ఆల్బమ్‌గానూ వచ్చింది. రెండోది 'పల్స్', 1994లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ షో. వాటర్స్ లేడు, కానీ 'డార్క్ సైడ్' మొత్తం లైవ్‌లో ఉంది, లేజర్ల వెలుగులో. ఇంట్లో నలుగురితో కలిసి పెద్ద టీవీలో చూడాలంటే 'పల్స్' పెట్టండి, పిల్లలు కూడా కూర్చుంటారు. పాంపే ఒంటరిగా, రాత్రి పూట.

ఎలా వినాలి, ఏం కొనాలి

యాప్ సెట్టింగ్స్‌లో క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర మీద ఇంకో పాట మొదలు కలిపేసేది) ఆపండి, షఫుల్ ఆపండి. పాటల మధ్య ఖాళీ రాకుండా చూసే గ్యాప్‌లెస్ ప్లేబ్యాక్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే 'డార్క్ సైడ్'లో పాట పాటకీ మధ్య చిన్న గతుకు తగులుతుంది. ఇయర్‌ఫోన్స్ ఖరీదైనవి అక్కర్లేదు, కుడి ఎడమలు సరిగ్గా పెట్టుకుంటే చాలు.

'బెస్ట్ ఆఫ్' జోలికి పోకండి. 2001లో వచ్చిన 'ఎకోస్' సంకలనంలో పేరుకి కారణమైన ఆ 23 నిమిషాల పాటలోంచే దాదాపు ఏడు నిమిషాలు కోసేశారు. 'విష్ యు వర్ హియర్' యాభై ఏళ్ల ఎడిషన్ 2025 డిసెంబరులో వచ్చింది. యాప్‌లో అది తెరిస్తే డెమోలు, లైవ్‌లు కలిసి జాబితా చాంతాడంత ఉంటుంది. మొదటిసారి ఐదో ట్రాక్ దగ్గర ఆపేయండి.

వినైల్ (గ్రామఫోన్ రికార్డు) కొనమంటారా అని అడిగేవాళ్లకి: ప్లేయర్ ఇప్పటికే ఉంటే 'యానిమల్స్' 2018 రీమిక్స్ కొనండి, 2022లో విడుదలైంది. పాతదానిలో మసకగా ఉన్న బేస్, డ్రమ్స్ ఇందులో విడివిడిగా తేలాయి, పెట్టిన డబ్బుకి తేడా వినపడుతుంది. ప్లేయర్ లేదు, గోడకి తగిలించుకోవడానికే అంటే 'విష్ యు వర్ హియర్'. ఇద్దరు సూట్లేసుకుని చేతులు కలుపుతుంటే అందులో ఒకడు మంటల్లో ఉంటాడు చూడండి, అది గ్రాఫిక్స్ కాదు. స్టంట్‌మ్యాన్‌కి నిజంగానే నిప్పు పెట్టి తీశారు.